లక్ష నోటీసుల వెనక ఏముంది: దివ్యాంగుల పింఛను లెక్కలు చదవడం ఎలా

మా పెదనాన్న ఆ నోటీసును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. 2025 ఆగస్టు అది. ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మందికి పైగా దివ్యాంగులకు అలాంటి నోటీసులు వెళ్లాయని పేపర్లన్నీ రాస్తున్నాయి. రచ్చబండ దగ్గర ఎవరో "దొంగ సర్టిఫికెట్లన్నీ బయటపడుతున్నాయి" అన్నారట. ఆ మాట విని ఇంటికొచ్చి నన్ను పిలిచి, జేబులోంచి కాగితం తీసి చేతిలో పెట్టి, "ఒరేయ్, నేను ఇన్నేళ్లూ దొంగ పింఛను తిన్నానంట్రా?" అని అడిగాడు.

ఆయన ఎడమకాలికి మూడేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఆ కాలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మోకాలి మీద చేయి వేసి నొక్కుకుంటూ నడుస్తాడు. వయసు 58. నోటీసులో ఉన్న కారణం ఒకటే ముక్క: పింఛనుకు కావాల్సిన 40 శాతం కంటే వైకల్యం తక్కువ.

పెదనాన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ప్రభుత్వ లెక్కలు చదవడం, సర్టిఫికెట్ చదవడం, రెండూ నేర్చుకోవాల్సి వచ్చింది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి కాగితం వచ్చినవాళ్లు ఉంటే, లేదా మీరు ఊళ్లో ఇలాంటి పనులు చూసిపెట్టే మనిషైతే, నేను పడిన తిప్పలు మీరు పడకుండా ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ పింఛను లెక్కో తేల్చుకోండి

"దివ్యాంగుల పింఛను" అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ దాని వెనక రెండు మూడు వేర్వేరు లెక్కలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వుతో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, ప్రమాదంలో దెబ్బతినో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు 5,000 నుంచి 15,000 అయింది. కిడ్నీ జబ్బు, అవయవ మార్పిడి లాంటి ఆరోగ్య పింఛన్లు 10,000. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు 2023 జూలై నుంచి 4,016.

వీటికి తోడు కేంద్రానిది ఒకటుంది. 2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 18 ఏళ్లు నిండి, వైకల్యం 80 శాతం దాటితేనే ఇస్తారు. అదీ నెలకు 300. అందుకే కేంద్రం పార్లమెంటులో చెప్పే లబ్ధిదారుల సంఖ్య, రాష్ట్రం చెప్పే సంఖ్య పొంతన లేకుండా కనిపిస్తాయి. ఒకటి 80 శాతం గీత మీద, ఇంకొకటి 40 శాతం గీత మీద తీసిన లెక్క. ఈ తేడా తెలియక "కేంద్రం ఇంతమందే అంటోంది, రాష్ట్రంలో ఇన్ని లక్షలెలా వచ్చాయి, మిగతావన్నీ బోగస్" అని తేల్చేసేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఏ అంకె కనిపించినా దాని పక్కన మీరే పెన్సిల్‌తో రాసుకోండి: ఏ పథకం, ఎంత శాతం పైన, ఏ నెల. ఈ మూడూ లేని అంకెను నమ్మొద్దు, ఎవరికీ పంపొద్దు.

నెల కూడా ముఖ్యమే. ఒకటో తారీఖున మంజూరైన పింఛన్లు ఎన్ని అన్నది ఒక లెక్క, నిజంగా చేతికి అందినవి ఎన్ని అన్నది ఇంకో లెక్క. మనిషి ఊళ్లో లేకపోతే ఆ నెల పంపిణీ తగ్గుతుంది. ఆంధ్రలో రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి తీసుకునే వీలు ఇచ్చారు. కాబట్టి ఒక నెల పంపిణీ తగ్గితే పింఛన్లు తీసేశారనీ, మరుసటి నెల పెరిగితే కొత్తవి ఇచ్చారనీ అనుకోకూడదు. సంక్రాంతికో, వలస పనులకో ఊరు ఖాళీ అయినా అంకె కదులుతుంది.

ఎంతమందిలో ఎంతమంది?

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లు 8 లక్షల దాకా ఉన్నాయి. ఇది ఎక్కువా తక్కువా? ఆ మాట చెప్పాలంటే మొత్తం దివ్యాంగులు ఎంతమందో తెలియాలి. చిక్కంతా అక్కడే.

మన దగ్గరున్న పెద్ద లెక్క 2011 జనాభా లెక్కలు. దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులని, అంటే జనాభాలో 2.21 శాతమని అందులో తేలింది. ఆంధ్రప్రదేశ్‌కు 22.66 లక్షలు. అది ఉమ్మడి రాష్ట్రం. తెలంగాణ కూడా అందులోనే ఉంది. 22.66 లక్షలను విభజన తరువాత మిగిలిన ఆంధ్రకు అంటగట్టి శాతాలు తీస్తే తప్పు వస్తుంది. జిల్లాల వారీ పట్టికలు తీసుకుని కూడుకోవాలి.

ఇంకో సంగతి. 2011లో ఎనిమిది రకాల వైకల్యాలే అడిగారు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫిలియా, యాసిడ్ దాడి బాధితులు, ఆటిజం, పార్కిన్సన్స్, ఇవన్నీ ఆ జాబితాలోకి వచ్చాయి. కొత్త జనాభా లెక్కలు 2027 మార్చి 1 తేదీ ఆధారంగా రాబోతున్నాయి. అప్పటిదాకా 2011 అంకెను అడుగుకు వాడండి తప్ప కప్పుకు వాడొద్దు. "కనీసం ఇంతమంది" అనొచ్చు. "ఇంతకు మించి ఉండరు" అనకూడదు.

అసలు ఎక్కువమంది ఆగి చూడని అంకె ఇంకొకటుంది. 2018 జూలై నుంచి డిసెంబరు దాకా జాతీయ నమూనా సర్వే 76వ విడత దేశమంతా దివ్యాంగుల ఇళ్లకు వెళ్లింది. అందులో సర్టిఫికెట్ ఉన్నామన్నవాళ్లు 28.8 శాతమే. ప్రభుత్వం నుంచి ఏదో ఒక సాయం అందుతోందన్నవాళ్లు 21.8 శాతం. అంటే పది మందిలో ఏడుగురి దగ్గర అసలు కాగితమే లేదు. దొంగ సర్టిఫికెట్ల గురించి ఎంత మాట్లాడతామో, సర్టిఫికెట్టే లేని ఆ ఏడుగురి గురించి అందులో పదో వంతు కూడా మాట్లాడం. నాకు అది బాధగా ఉంటుంది.

రీవెరిఫికేషన్ లెక్కను విడదీయడం

ఇక అసలు విషయం. ఆంధ్రలో 2025 జనవరిలో మొదట 15,000 రూపాయల పింఛను తీసుకునేవాళ్ల ఇళ్లకు డాక్టర్ల బృందాలు వెళ్లాయి. తరువాత మిగతా దివ్యాంగులను ఆసుపత్రులకు పిలిచి మళ్లీ పరీక్షించారు. ఆగస్టులో నోటీసులు వచ్చాయి. అప్పీలు చేసుకున్నవాళ్ల పింఛను ఆపకుండా ఇస్తామని ఆ తరువాత ప్రభుత్వం చెప్పింది. ఈ మొత్తంలోంచి జనం చెవిన పడింది "లక్ష" అనే ఒక్క ముక్క.

మీరు చేయాల్సింది ఆ ఒక్క ముక్కను మెట్లు మెట్లుగా విడదీయడం. మొత్తం పింఛనుదారులు ఎంతమంది, అందులో పిలిచింది ఎంతమందిని, వచ్చింది ఎంతమంది, ఫలితం తేలింది ఎంతమందికి, 40 కంటే తక్కువ అని వచ్చింది ఎంతమందికి, వాళ్లలో 60 ఏళ్లు దాటి వృద్ధాప్య పింఛనుకు మారింది ఎంతమంది, 15,000 నుంచి 6,000కు దిగింది ఎంతమంది, అప్పీలు చేసింది ఎంతమంది, అప్పీలులో గెలిచింది ఎంతమంది. నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి ఈ వరసలన్నీ గీసుకోండి. తెలిసిన గడి నింపండి, తెలియని గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడులే మీరు అడగాల్సిన ప్రశ్నలు.

ఊరికే అర్థం కావడానికి ఒక ఊహా మండలం తీసుకుందాం. ఈ అంకెలు నేను కల్పించినవి, ఏ మండలానివీ కావు. పింఛనుదారులు 900 మంది. పిలిచింది 800 మందిని. వచ్చింది 720. ఫలితం తేలింది 700 మందికి. 40 లోపు అని తేలింది 105. ఇక్కడ ఆగిపోతే 105ను 700తో భాగించి "15 శాతం అనర్హులు" అంటారు. వార్త అయిపోయింది. కానీ ముందుకు వెళ్దాం. ఆ 105లో 30 మంది 60 దాటినవాళ్లు, వృద్ధాప్య పింఛనుకు మారారు. 60 మంది అప్పీలు చేశారు, అందులో 35 మందికి మళ్లీ పరీక్షలో 40 పైన వచ్చింది. మిగిలిన 15 మంది అప్పీలే చేయలేదు. చివరికి పింఛను పూర్తిగా పోయింది అప్పీలు ఓడిన 25, అప్పీలు చేయని 15, మొత్తం 40 మందికి. 700లో 40 అంటే 6 శాతం లోపు. ఒకే మండలం, ఒకే తనిఖీ. ఏ మెట్టు దగ్గర ఆగి లెక్క చెప్పామన్న దాన్ని బట్టి 15 అవుతుంది, 6 అవుతుంది.

ఈ పట్టికలో నేను ఎప్పుడూ వేలు పెట్టి ఆగేది ఆ 15 మంది దగ్గర. అప్పీలు చేయనివాళ్లు తప్పు ఒప్పుకున్నవాళ్లు కాదు. నోటీసు చదవడం రాని మనిషి అయి ఉండొచ్చు. మానసిక వైకల్యం ఉన్న కొడుకును చూసుకునే తల్లి చనిపోయి ఉండొచ్చు. మండల కేంద్రానికి ఆటో మాట్లాడుకోవడానికి డబ్బుల్లేక కావొచ్చు. అలాగే రాని 80 మంది. రాకపోతే పింఛను నిలిపేసిన సందర్భాలున్నాయి. వాళ్లను "హాజరు కాలేదు కాబట్టి బోగస్" అని కలిపేస్తే అది లెక్క కాదు, అనుమానం.

బ్రిటన్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి పద్ధతి కూడా చెబుతాను. అక్కడ 2013 నుంచి పనిచేసే వయసువాళ్లకు పిప్ అని ఒక వైకల్య భృతి ఉంది. దాన్నీ కొన్నేళ్లకోసారి తిరిగి సమీక్షిస్తారు. అక్కడా దీని మీద గొడవలు తక్కువేం కావు. అయితే మూడు నెలలకోసారి విడుదల చేసే గణాంకాల్లో, సమీక్ష తరువాత భృతి పెరిగినవాళ్లు, మారనివాళ్లు, తగ్గినవాళ్లు, పూర్తిగా రద్దయినవాళ్లు అని నాలుగు గడులు వేర్వేరుగా ఇస్తారు. పునఃపరిశీలన కోరినవాళ్లు ఎంతమంది, అందులో నిర్ణయం మారినవి ఎన్ని అన్నది కూడా ఇస్తారు. "పెరిగినవి" అనే గడి ఉండటం నాకు ముఖ్యంగా కనిపించింది. తనిఖీ అంటే తీసేయడానికే అన్న భావన అక్కడ పట్టికలోనే విరుగుతుంది. మన దగ్గర కూడా మళ్లీ పరీక్షలో శాతం పెరిగినవాళ్లు ఉంటారు కదా. వాళ్ల సంఖ్య ఎక్కడైనా విన్నారా? మీ పేజీలో ఆ గడి కూడా గీయండి.

శాతం ఎలా వస్తుందో తెలుసుకోండి

40 లోపు వచ్చినంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు. ఈ ఒక్క మాట ఊళ్లో నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. చెప్పాలంటే శాతం ఎలా కడతారో కొంచెం తెలియాలి.

కంటి సంగతి చూడండి. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను బాగుంటే నిబంధన ప్రకారం 30 శాతమే. ఆ మనిషికి ఒక కన్ను లేదన్నది అబద్ధం కాదు, డాక్టరు అబద్ధం రాయలేదు. గీత 40 దగ్గర ఉంది, అంతే. చెవులకు వినికిడి కొలిచే ఆడియోమెట్రీ చేస్తారు, అనుమానం ఉంటే శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్ష. మానసిక అనారోగ్యానికి ఐడియాస్ అనే కొలమానం ఉంది. అది రోజువారీ జీవితంలో మనిషి తన పని తాను ఎంత చేసుకోగలుగుతున్నాడో చూస్తుంది. మందు వాడుతూ కుదుటపడిన నెలలో చూస్తే తక్కువ వస్తుంది, జబ్బు తిరగబెట్టిన నెలలో చూస్తే ఎక్కువ వస్తుంది.

కొలిచే నిబంధనలే మధ్యలో మారాయి. 2018 జనవరిలో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో మళ్లీ సవరించింది. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల్లో రాసిన శాతం, ఇప్పుడు రాసిన శాతం ఒకే కొలతతో వచ్చినవి కావు. పెదనాన్న పాత సర్టిఫికెట్‌లో 52 ఉంది, కొత్తదాంట్లో 36. కాలు మారలేదు.

తాత్కాలికం, శాశ్వతం అన్న తేడా కూడా చూడండి. మెరుగయ్యే అవకాశం ఉందనుకుంటే డాక్టరు తాత్కాలికం అని రాసి గడువు తేదీ వేస్తారు. గడువు దాటిన సర్టిఫికెట్ చెల్లని కాగితం అవుతుంది. అది దొంగ కాగితం మాత్రం కాదు. ప్రభుత్వ సంఖ్యలో ఈ రెండూ కలిసిపోయి ఉంటే అడిగి విడదీయించాలి.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చేది చెబుతాను. ఒకే మనిషికి రెండు రకాల వైకల్యాలుంటే రెండు శాతాలనూ కలిపే సూత్రం మార్గదర్శకాల్లోనే ఉంది. పెద్ద శాతాన్ని తీసుకోండి. 90లోంచి దాన్ని తీసేయండి. వచ్చినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించండి. దాన్ని పెద్ద శాతానికి కలపండి.

పెదనాన్నకు కాలు 36. చెవులు కూడా కొన్నేళ్లుగా సరిగా వినపడవు. మనం కేకేస్తే గానీ పలకడు. అందరం వయసు మీదపడుతోంది అనుకున్నాం. పరీక్షకు వెళ్లిన రోజు ఆ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కాలు చూసి పంపేశారు. చెవుల గురించి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అడిగినా వినపడి ఉండేది కాదేమో. అప్పీలు తరువాత రెండోసారి చెవులు కూడా పరీక్షిస్తే 20 వచ్చింది. లెక్క వేసుకోండి: 90లోంచి 36 తీస్తే 54. 54ను 20తో గుణిస్తే 1,080. దాన్ని 90తో భాగిస్తే 12. 36కు 12 కలిపితే 48.

36కు నోటీసు వచ్చింది. 48కి పింఛను కొనసాగింది. అదే మనిషి, అదే కాలు, అవే చెవులు. రాష్ట్రం లెక్కలో ఆయన కొన్ని నెలలు "అనర్హుడు" అనే గడిలో ఉన్నాడు.

మీ ఊరి లెక్క తెప్పించుకోవడం

రాష్ట్రం మొత్తం సంఖ్య మీకు పెద్దగా ఉపయోగపడదు. మీ గ్రామ సచివాలయం పరిధి, మీ మండలం లెక్క కావాలి. ముందు సచివాలయానికి వెళ్లి సంక్షేమ, విద్యా సహాయకుణ్ణి అడగండి. పింఛనుదారుల జాబితా ఆయన దగ్గర ఉంటుంది. మర్యాదగా అడిగితే చాలామంది నోటితోనే చెబుతారు. వాళ్లకూ ఈ నోటీసులు ఇంటింటికీ తిరిగి ఇవ్వడం ఇష్టమైన పని కాదు. తిట్లన్నీ పడేది వాళ్లే.

రాతపూర్వకంగా కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆంధ్రలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. తెల్లకాగితం మీద మండల పరిషత్ కార్యాలయ ప్రజా సమాచార అధికారికి అని రాసి, నేను ఇలా అడిగాను:

"మా మండలంలో ఫలానా నెల నాటికి దివ్యాంగుల పింఛను పొందుతున్నవారి సంఖ్య, సచివాలయాల వారీగా. పునఃపరిశీలనకు పిలిచినవారు, హాజరైనవారు, ఫలితం వెలువడినవారు, ఒక్కొక్కటి విడిగా. శాతం పెరిగినవారు, మారనివారు, తగ్గినా 40 పైనే ఉన్నవారు, 40 లోపు వచ్చినవారు. 40 లోపు వచ్చినవారిలో ఇతర పింఛనుకు మార్చినవారు. అందిన అప్పీళ్లు, పరిష్కరించినవి, పింఛను కొనసాగించినవి. ఎవరి పేర్లూ, ఆధార్ వివరాలూ అవసరం లేదు. సంఖ్యలు చాలు."

చివరి వాక్యం తప్పకుండా రాయండి. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. ఎవరి జబ్బు ఏమిటో ఊరంతా తెలియాల్సిన అవసరమూ లేదు. "ఎందుకు తీసేశారు", "ఇది న్యాయమా" లాంటి ప్రశ్నలు ఇందులో పెట్టకండి. చట్టం కింద ఉన్న రికార్డు ఇస్తారు, అభిప్రాయం ఇవ్వరు. కోపం వేరే కాగితం మీద రాసుకోండి.

నోటీసు వచ్చిన ఇంట్లో

ముందు టెన్షన్ పడకుండా మూడు కాగితాలు మంచం మీద పరిచి పక్కపక్కన పెట్టండి: పాత సదరం సర్టిఫికెట్, కొత్త ఫలితం, నోటీసు. మూడింట్లోనూ సదరం నంబరు ఒకటేనా? పేరు, పుట్టిన తేదీ ఒకటేనా? వైకల్యం రకం ఒకటేనా? శాతం ఎంత, తాత్కాలికమా శాశ్వతమా, గడువు ఎప్పటిదాకా? పుట్టిన సంవత్సరం తప్పుపడితే 60 దాటిన మనిషి వృద్ధాప్య పింఛనుకు కూడా మారకుండా మధ్యలో వేలాడతాడు. దాన్ని ముందు సరిచేయించండి.

నోటీసు అందిన తేదీ దాని వెనకాలే రాయండి. అప్పీలు గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు. నోటీసులో చెప్పిన గడువు లోపలే ఇవ్వండి. దరఖాస్తులో ఆ మనిషికి ఉన్న ప్రతి ఇబ్బందీ రాయండి. కాలు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. చూపు, వినికిడి, మాట, ఫిట్స్, మతిమరుపు, ఏదైనా సరే. "ఉన్న వైకల్యాలన్నీ పరీక్షించి కలిపి శాతం నిర్ణయించాలి" అని ఒక వాక్యం విడిగా రాయండి. మా పెదనాన్న విషయంలో అంతా మార్చింది ఆ వాక్యమే. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర వేయని కార్యాలయంలో కాగితం ఇచ్చి రావద్దు, ఎంతసేపైనా సరే కూర్చోండి.

మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు సంవత్సరాల వారీగా వరసపెట్టుకుని వెళ్లండి. మానసిక వైకల్యం ఉన్నవాళ్ల వెంట, రోజూ వాళ్లతో ఉండే మనిషే వెళ్లాలి. స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి లేచి బయటికి వెళ్లిపోతారా, డబ్బు లెక్క తెలుసా అన్న ప్రశ్నలకు దగ్గరివాళ్లే జవాబు చెప్పగలరు. దగ్గర బంధువని, చదువుకున్నవాడని హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుణ్ణి పంపితే ఆయన "బాగానే ఉంటాడండీ" అనేస్తాడు.

ఇంకో జాగ్రత్త. పరువు కోసమో అలవాటు కోసమో చాలామంది డాక్టరు ముందు శక్తికి మించి నడిచి చూపిస్తారు. పెదనాన్న మొదటిసారి అదే చేశాడు. "ఎంత దూరం నడుస్తావు?" అంటే "ఎంతైనా నడుస్తా సార్" అన్నాడట. నడుస్తాడు, నిజమే. చేను దాకా వెళ్లి వచ్చి రాత్రంతా కాలు పట్టుకుని కూర్చుంటాడు. ఆ రెండో సగం కూడా చెప్పాలని ఇంట్లోనే నేర్పి పంపండి. లేనిది చెప్పమనడం లేదు, ఉన్నది మొత్తం చెప్పమంటున్నాను.

అప్పీలులో కూడా న్యాయం జరగలేదనిపిస్తే దారి మూసుకుపోలేదు. వైకల్య ధ్రువీకరణ నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దివ్యాంగులకు వకీలు ఖర్చు లేకుండా న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టమే ఇచ్చింది. ఆదాయం ఎంతన్నది అడగరు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, లేదంటే 15100కు ఫోన్ చేయండి.

ఇదంతా అయ్యాక మీరు గీసుకున్న పేజీలో ఆ మనిషి ఏ గడిలోంచి ఏ గడికి మారాడో రాసుకోండి. మీ వీధిలో పది మందికి ఇలా రాస్తే, రచ్చబండ దగ్గర మాట వచ్చినప్పుడు చెప్పడానికి మీ దగ్గర మీ ఊరి లెక్క ఉంటుంది.

పెదనాన్న కొత్త సర్టిఫికెట్‌లో కాలు శాశ్వతం అని, చెవులు తాత్కాలికం అని రాశారు. ఆ గడువుకు మూడు నెలల ముందు తేదీని గోడ క్యాలెండర్ వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను. క్యాలెండర్ ఏటా మారుతుంది కాబట్టి సర్టిఫికెట్ కవరు మీద కూడా రాశాను. పెద్దమ్మ ఆ కవరును బియ్యం డబ్బా పైన ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మెళ్లో తాడుకు కట్టుకుంది.